బొగోటా ఇత్వార్: సైకిళ్లూ గిటార్లూ

తారీఖ్ అంటే బాద్‌షాలూ జంగులూ అని మనకు స్కూల్లోనే నూరిపోశారు. పానిపట్టు జంగ్ ఎన్నిసార్లు జరిగిందంటే నిద్రలో లేపినా చెబుతాం. ఒక శహర్ తన ఇత్వార్‌ని ఎలా గడుపుతుంది, అట్లా గడిపే హక్ దానికి ఎక్కడినుంచి వచ్చింది అన్నది మాత్రం ఏ కితాబులోనూ చదవలేదు. దానికీ ఒక తారీఖ్ ఉంది. అందులోనూ సియాసత్ ఉంది, జిద్ ఉంది, ఖూన్ కూడా ఉంది.

ఈసారి నేను రాస్తున్నది బొగోటా గురించి. దక్షిణ అమెరికాలో కొలంబియా అనే ముల్క్‌కి రాజధాని అది. సముద్రానికి దాదాపు 2,600 మీటర్ల ఎత్తున, ఆండీస్ పహాడ్‌ల ఒడిలో ఉంటుంది. మన ఊటీ కంటే ఎత్తు. అబ్బు వస్తే చలి, అబ్బు పక్కకు జరిగితే చర్మం కాలే ధూప్. పొద్దున ఎండలో బయల్దేరినవాడు సాయంత్రం తడిసి ఇంటికి రావడం అక్కడ మామూలు. ఆ ఊళ్లో దాదాపు 80 లక్షల మంది ఉంటారు. ప్రతి ఇత్వార్, ప్రతి సెలవు రోజు పొద్దున 7 గంటలకు ఆ శహర్ తన పెద్ద పెద్ద సడక్‌ల మీద కార్లు, బస్సులు ఆపేస్తుంది. 120 కిలోమీటర్ల పైచిలుకు. అంటే హైదరాబాద్‌ నుంచి మహబూబ్‌నగర్ దాటేంత దూరం. మధ్యాహ్నం 2 గంటల దాకా ఆ దారులు సైకిళ్లవి, నడిచేవాళ్లవి, స్కేట్లు కట్టుకున్న పిల్లలవి, తోపుడు బండి మీద చంటిబిడ్డను తోసుకొచ్చే అమ్మీలవి. దీన్ని సైక్లోవియా అంటారు.

అదే శహర్‌లో ఏటా మూడు రోజులు ఇంకో తమాషా ఉంటుంది. సిమోన్ బొలివార్ పార్కులో హుకూమత్ తన ఖర్చుతో స్టేజీ కట్టి రాక్ మ్యూజిక్ పెట్టిస్తుంది. టికెట్ లేదు. దాని పేరు రాక్ అల్ పార్కే. లాటిన్ అమెరికాలో ముఫ్త్‌గా జరిగే రాక్ మేళాల్లో అన్నిటికంటే పెద్దది ఇదే అంటారు. ఆ మూడు రోజుల్లో ఒకటి ఇత్వార్ అయితే, పొద్దున సైకిల్ మీద సడక్, మధ్యాహ్నం నుంచి గిటార్లూ డ్రమ్ములూ. జేబులో పైసా లేకుండా ఒక నౌజవాన్ పూర్తి రోజు గడపొచ్చు.

ఈ రెండూ ఎవరో దర్యాదిల్ హాకిమ్ దయతో వచ్చినవని అనుకుంటే గలత్. ఎట్లా వచ్చాయో చూద్దాం.

ముందు సైకిల్ సంగతి. కొలంబియాకు సైకిల్ అంటే మనకు క్రికెట్ లాంటిది. 1948 ఏప్రిల్ 9న బొగోటాలో గైతాన్ అనే నాయకుణ్ని కాల్చి చంపారు. గరీబోళ్ల ఆశలన్నీ ఆయన మీదే ఉండేవి. ఆ మధ్యాహ్నం శహర్ తగలబడింది. ట్రామ్ బండ్లు తగలబడ్డాయి. ఆయన్ని చంపింది కార్రెరా సెప్తిమా అనే సడక్ మీద. ఏడో నంబరు వీధి అని అర్థం. ఈ సడక్ పేరు యాద్ పెట్టుకోండి, మళ్లీ వస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి గ్రామాల్లో పార్టీల పేరుతో ఒకర్నొకరు నరుక్కున్నారు. ఆ కాలానికి వాళ్లు పెట్టుకున్న పేరే ‘లా వియొలెన్సియా’. హింస అని. ఇంకేం పేరు పెట్టాలో తెలియలేదేమో.

అలాంటి రోజుల్లో, 1951 జనవరిలో, దేశమంతా చుట్టివచ్చే సైకిల్ రేసు పెట్టారు. వుయెల్తా అ కొలంబియా. ఆ పహాడ్ దారుల మీద సైకిల్ అసలు పోతుందా అని చాలామందికి శక్. ఎఫ్రాయిన్ ఫొరేరో అనే కుర్రాడు ముందే ఒకసారి ఆ కనుమలెక్కి బురదలో తొక్కుకుంటూ పోయి, పోతుంది అని చూపించాడు. మొదటి రేసూ అతనే గెలిచాడు. అతనిది జిపాకిరా అనే ఉప్పుగనుల ఊరు. 2019లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన మొదటి లాటిన్ అమెరికన్ ఏగన్ బెర్నాల్ పెరిగిందీ అదే ఊళ్లో. అప్పటికి అతని ఉమర్ 22. ఈ ఇద్దరి మధ్యలో లూచో ఎర్రేరా ఉన్నాడు. పూలమొక్కల తోటల్లో పనిచేసిన పిల్లాడు. అందుకే అతన్ని ముద్దుగా చిన్న మాలీ అని పిలిచేవాళ్లు. 1984లో ఆల్ప్ దుయెజ్ కొండ మీద యూరప్ మొనగాళ్లందర్నీ వెనక్కి నెట్టి టూర్‌లో ఒక స్టేజ్ గెలిచాడు. అప్పటికి అతను జీతం తీసుకునే ప్రొఫెషనల్ కూడా కాదు. 1987లో స్పెయిన్ రేసు వుయెల్తా గెలిచాడు. రామోన్ ఓయోస్ అనే ఇంకో ఛాంపియన్ జిందగీని 1955లో అఖ్బార్‌లో ధారావాహికగా రాసింది ఎవరనుకున్నారు? అప్పట్లో రిపోర్టర్‌గా రోజీ సంపాదించుకుంటున్న గాబ్రియేల్ గార్షియా మార్కెస్.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, అక్కడ సైకిల్ అంటే గరీబ్ ఇంటి కుర్రాడు పేరు తెచ్చుకునే దారి. కానీ శహర్‌లో మాత్రం పరిస్థితి వేరు. 1970ల నాటికి బొగోటా సడక్‌లు కార్లకు రాసిచ్చేసినట్టు అయ్యాయి. కారున్నవాళ్లు కొద్దిమందే, సడక్ మాత్రం వాళ్లదే. సైకిల్ తొక్కేవాడు అంచున బిక్కుబిక్కుమంటూ పోవాలి.

1974 డిసెంబర్ 15, ఇత్వార్. హైమె ఓర్తీజ్ మరీన్యో అని అమెరికాలో చదువుకొచ్చిన ఒక ఆర్కిటెక్ట్, ఆయన దోస్తులు కొందరు కలిసి ఒక ముజాహరా పెట్టారు. 1960ల అమెరికాలో నల్లవాళ్ల హక్కుల ఉద్యమం, ఔరతుల ఉద్యమం, వియత్నాం జంగ్‌కు ఎదురు నిలిచిన విద్యార్థులు, ఇవన్నీ ఓర్తీజ్ కళ్లారా చూశాడు. తిరిగొచ్చాక తన ఊరి సడక్‌లను చూసి ఊరుకోలేకపోయాడు. ఆ ముజాహరాలో నారాలూ జెండాలూ తక్కువ, పెడల్స్ ఎక్కువ. మూడు గంటలపాటు రెండు పెద్ద సడక్‌లు మూయించడానికి ఇజాజత్ తీసుకున్నారు. అందులో ఒకటి ఆ కార్రెరా సెప్తిమా. 26 ఏళ్ల కింద గైతాన్ ఖూన్ పడ్డ సడక్. దాదాపు 5,000 మంది సైకిళ్లతో వచ్చారు. కార్ల హుకూమత్ మీద, పొగ మీద, పార్కులు లేని శహర్ మీద వాళ్ల షికాయత్ అదే. తొక్కడమే షికాయత్.

నాకు ఈ కిస్సాలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది 1976. ఆ ఏడు మేయర్ లూయిస్ ప్రియెతో ఒకాంపో రెండు ఫర్మానాలు తెచ్చాడు. నంబర్లు 566, 567. ఇత్వార్ నాడు ఫలానా సడక్‌లు సైకిళ్లకు, నడిచేవాళ్లకు అని కాగితం మీద రాసి దస్తఖత్ చేశాడు. అప్పటిదాకా అది కొందరి షౌఖ్. ఆ దస్తఖత్‌తో అది శహర్ ఖానూన్ అయింది. మేయర్ మారినా ఖానూన్ ఉంటుంది.

ఇక్కడ చిన్న మాట. మేయర్‌ని స్పానిష్‌లో ‘అల్కాల్దే’ అంటారు. ఈ లఫ్జ్ ఎక్కడిదో తెలుసా? అల్-ఖాజీ. అరబ్బులు స్పెయిన్‌లో దాదాపు 8 సదీలు ఉన్నారు కదా, పోతూ పోతూ బోలెడు లఫ్జ్‌లు వదిలిపోయారు. మొహల్లాను వాళ్లు ‘బార్రియో’ అంటారు, అదీ అరబ్బీ నుంచే. చక్కెర ‘అసూకర్’, అంటే మన షక్కర్‌కి చెల్లెలు. ఏదైనా జరగాలని కోరుకుంటూ ‘ఒహలా’ అంటారు. అందులో అల్లాహ్ పేరు దాగి ఉందని చాలామంది స్పానిష్‌వాళ్లకే తెలియదు. అల్లాహ్ కోరితే అన్న అరబ్బీ మాట నలిగి నలిగి అట్లా అయింది. చివరికి గిటార్ కూడా. గ్రీకు లఫ్జ్ అరబ్బీలో ఖీతారా అయి, స్పానిష్‌లో గితార్రా అయింది. కాబట్టి ఒక ఖాజీ సాహెబ్ ఫర్మానాతో సైకిళ్లు తిరిగే శహర్ అని నేను ఇంట్లో చెబితే మా పిల్లలు పడి పడి నవ్వారు. నవ్వితే నవ్వారు, లఫ్జ్ మాత్రం గుర్తుండిపోయింది.

1982లో మేయర్ అగుస్తో రమీరెజ్ ఒకాంపో ఈ దారుల్ని 50 కిలోమీటర్లు దాటించాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు దిల్‌చస్పీ లేదు. కుంచించుకుపోతూ 1990ల నడుమకు దాదాపు 20 కిలోమీటర్లకు పడిపోయింది. ఖానూన్ ఉన్నా పట్టించుకునేవాడు లేకపోతే అంతే.

కానీ ఆ పదేళ్లు సైకిల్ గురించి ఆలోచించే పదేళ్లు కావు. పాబ్లో ఎస్కోబార్ జమానా అది. 1989 డిసెంబర్ 6న బొగోటాలో ఖుఫియా పోలీసుల బిల్డింగ్ ముందు బస్సు నిండా బారూద్ పెట్టి పేల్చారు. 60 మందికి పైగా మరణించారు. 1993లో బజార్ల మధ్య కార్ బాంబులు. ఆ ఏడు బొగోటాలో లక్ష మందికి దాదాపు 80 హత్యలు. షాపింగ్‌కు పోయిన బీవీ తిరిగొచ్చేదాకా షౌహర్ గుమ్మంలో నిలబడే రోజులు. ఖౌఫ్ అనేది ముందు మనిషిని ఇంట్లో కూర్చోబెడుతుంది, తర్వాత పొరుగువాణ్ని దుశ్మన్‌గా చూపిస్తుంది. ఇది మనకు వేరే చెప్పక్కర్లేదు. కర్ఫ్యూ అంటే ఏమిటో పాతబస్తీలో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు.

ఇప్పుడు రాక్ సంగతి. కొలంబియాలో రాక్ వినే పిల్లలు అప్పటికే బద్నామ్. 1971 జూన్‌లో మెదెయీన్ దగ్గర ఆన్‌కోన్ అనే చోట మూడు రోజుల రాక్ మేళా జరిగింది. పెంచిన జుట్టు, బురద, శోర్. చర్చి పెద్దలు మండిపడ్డారు. ఇజాజత్ ఇచ్చిన పాపానికి ఆ ఊరి మేయర్ కుర్సీ పోగొట్టుకున్నాడు. 1988 సెప్టెంబర్‌లో బొగోటా ఎల్ కాంపిన్ స్టేడియంలో పెద్ద కచేరీ జరిగింది. స్పానిష్‌లోనే రాక్ పాడొచ్చని, అది మన జుబాన్‌లోనే బాగుంటుందని ఆ తరానికి అక్కడ అర్థమైంది. తర్వాత 1992 నవంబర్ 29. గన్స్ ఎన్ రోజెస్ వచ్చారు. రెండు రోజుల కచేరీని ఒక్క రోజుకు కుదించారు. టికెట్ కొన్నవాళ్లు వేలమంది గేటు బయటే మిగిలిపోయారు. లోపల వాన, బయట రాళ్లూ లాఠీలూ టియర్ గ్యాసూ. ఆ రాత్రి తర్వాత రాక్ అంటే దంగా, రాక్ పిల్లలంటే గూండాలు అని అందరికీ సబూత్ దొరికినట్టయింది.

మామూలు హాకిమ్ అయితే ఇక జన్మలో ఇజాజత్ ఇవ్వడు. 1995 జనవరిలో మేయర్ అయిన ఆంతానస్ మొకుస్ మామూలు హాకిమ్ కాదు. లిథువేనియా నుంచి వలస వచ్చినవాళ్ల బేటా, లెక్కలూ ఫల్సఫా చదివిన ప్రొఫెసర్. నేషనల్ యూనివర్సిటీకి రెక్టర్‌గా ఉన్నప్పుడు హాల్లో విద్యార్థులు గోల ఆపకపోతే స్టేజీ మీద ఏం చేశాడో ఫ్యామిలీలు చదివే చోట నేను రాయలేను. నౌకరీ పోయింది, నామ్ వచ్చింది. మేయర్ అయ్యాక ట్రాఫిక్ అదబ్ నేర్పడానికి కూడళ్లలో మూగనాటకం ఆడే కళాకారుల్ని పెట్టాడు. జీబ్రా గీతల మీద కారాపినవాణ్ని వాళ్లు అందరి ముందూ వెక్కిరిస్తారు. జుర్మానా కడతాడు గానీ హేళన పడలేడు మనిషి. తర్వాత రెండోసారి మేయర్ అయినప్పుడు, 2001 మార్చి 9 రాత్రి, మర్దులు ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకోండి, ఈ రాత్రి సడక్ ఔరతులది అని పిలుపిచ్చాడు. లక్షల ఔరతులు బయటికొచ్చారు. ఆ ఖబర్ చదివిన మా ఆపా ‘ఒక్క రాత్రేనా?’ అంది.

అలాంటి మనిషి కుర్సీలో కూర్చున్న ఏడే, 1995 మే నెలాఖరులో, రాక్ అల్ పార్కే మొదలైంది. మారియో దువార్తె అనే గాయకుడు, హూలియో కొర్రియాల్ అనే కచేరీల ఇంతెజామ్‌దార్, శహర్ సాంస్కృతిక శాఖలో పనిచేసే బెర్తా కింతేరో, ఈ ముగ్గురి ఆలోచన అది. వాళ్ల వాదన సాదాసీదా. ఈ నౌజవాన్లకు బారూద్ తప్ప ఇంకో ఆవాజ్ వినిపించాలి. మీరు అనుమానించే పిల్లలే, వాళ్లకు చోటివ్వండి చూద్దాం. అతెర్సియోపెలాదోస్ అనే బృందం మొదటి ఏడే పాడింది. ఆంద్రెయా ఎచెవెర్రి అనే అమ్మాయి దాని గొంతు. మట్టితో కుండలూ బొమ్మలూ చేసే హునర్ చదువుకున్న అమ్మాయి. మగపిల్లల శోర్ అని పేరుపడ్డ మౌసీఖీలో ముందు నిలబడి పాడింది.

మౌసీఖీ జాయజా నాజాయజా అన్న బహస్ ఇక్కడ తెరవను. దానికి ఆలిమ్‌లు ఉన్నారు, నా హైసియత్ కాదు. నేను చూసింది ఇంతెజామ్. అక్కడ గేటు దగ్గర తలాషీ ఉంటుంది. షరాబ్‌తో లోపలికి రానివ్వరు. ఇనప మొలల బెల్టులు, బక్కిల్స్ తీసేయాలి. మెటల్ అనే భారీ రకం వినేవాళ్లకు ఒక రోజు, మిగతా రకాలకు మిగతా రోజులు. ఒకర్నొకరు చూస్తే పడని పంక్ కుర్రాళ్లూ మెటల్ కుర్రాళ్లూ ఒకే గడ్డి మీద నిలబడాలి. మొదట్లో చకమకలు వచ్చాయి. ఏటేటా వస్తూ వస్తూ అలవాటు పడ్డారు. ముందు వరసల్లో గుండ్రంగా తిరుగుతూ భుజాలతో గుద్దుకునే ఆట ఒకటుంది, పోగో అంటారు. బయటినుంచి చూస్తే కొట్లాటే. కానీ అందులో ఒకడు కింద పడితే పక్కనున్న నలుగురు వెంటనే లేవనెత్తుతారు. అది వాళ్ల అదబ్. మనం మాతం జులూస్‌లో, ఉర్స్ రద్దీలో చూడలేదా, గుంపు గుంపుగానే ఉంటుంది, పడ్డవాణ్ని మాత్రం తొక్కనివ్వదు.

అదే 1990ల రెండో సగంలో సైక్లోవియా మళ్లీ ప్రాణం పోసుకుంది. పార్కుల శాఖ చూసే గియెర్మో పెన్యలోసా 20 కిలోమీటర్ల దారిని కొన్నేళ్లలోనే 80 దాటించాడు. ఊరి ఉత్తరాన అమీర్లుంటారు, దక్షిణాన గరీబులు. బొగోటాలో ఇది మాటవరస కాదు. ప్రతి ఇంటికీ 1 నుంచి 6 దాకా దర్జా ఉంటుంది. కరెంటు, నీళ్ల బిల్లు ఆ దర్జాను బట్టే వస్తుంది. పిల్లా పిల్లాడూ ఇష్టపడ్డా ముందు దర్జా ఎంతని అడుగుతారట. సైక్లోవియా దారి ఉత్తరం నుంచి దక్షిణం దాకా గీత గీసినట్టు పోతుంది. ఒకటో దర్జా మేస్త్రీ, ఆరో దర్జా డాక్టర్ సాహెబ్ ఒకే సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టి నిలబడతారు. ఇద్దరి చెమటా ఒకటే. సోమవారం నాడు మళ్లీ ఎవరి దర్జా వారిదే అనుకోండి. సైకిల్ ఇంఖిలాబ్ తెస్తుందని నేను అనను.

గియెర్మో సోదరుడు ఎన్రికే పెన్యలోసా 1998లో మేయర్ అయ్యాడు. ఫుట్‌పాత్‌ల మీద కార్లు పెట్టడం ఆపించడానికి అడ్డంగా గుంజలు పాతించాడు. దుకాణదార్లు భగ్గుమన్నారు. ఆయన్ని దించేయాలని కూడా చూశారు. 2000 ఫిబ్రవరి 24న, ఇత్వార్ కాదు, పనిదినం జుమేరాత్ నాడు, శహర్ మొత్తంలో సొంత కార్లు బంద్ చేయించాడు. ఆ ఏడు అక్టోబర్‌లో అవామ్‌ని ఓటు అడిగారు. ఏటా ఒక రోజు ఇలా ఉండాలని అవామ్ చెప్పింది. సైక్లోవియాకే పరిమితం కాకుండా రోజువారీ సైకిల్ దారులు వందల కిలోమీటర్లు వేశారు. ఆయన చేసినవన్నీ నాకు నచ్చవు. రోడ్డు పక్క బండ్లవాళ్లను ఖాళీ చేయించిన తీరు చాలామంది గరీబుల పొట్ట కొట్టింది. బజార్ సుందరీకరణ పేరు వింటే మన పాతబస్తీ తోపుడు బండివాడి గుండె ఎట్లా జారుతుందో నాకు తెలుసు. అందుకే ఆయన్ని వలీగా చూపించేవాళ్ల రాతలు చదివినప్పుడు నాకు చిరాకు.

సైక్లోవియాను నడిపేది ఎవరు? పార్కుల శాఖ జీతమిచ్చే నౌజవాన్లు. వాళ్లను గార్దియానెస్ అంటారు, ముహాఫిజ్‌లు. స్కూల్ చివరి తరగతుల పిల్లలు కూడా తమ సమాజ సేవ గంటల కోసం వచ్చి కూడళ్లలో నిలబడతారు. పడ్డవాళ్లకు మందు రాస్తారు, తప్పిపోయిన పిల్లల్ని అప్పగిస్తారు. దారి పొడవునా సంత్రా రసం, కోసిన పండ్లు అమ్మేవాళ్లు. కొన్ని చోట్ల స్టేజీ మీద ఒక టీచర్ పాట పెట్టి వర్జిష్ చేయిస్తుంది, వందలమంది ఆమెతో పాటు చేతులు ఊపుతారు. ఇంకా సైకిల్ మిస్త్రీలు. ఒక పంపు, తొట్టిలో నీళ్లు, పానాలు, ట్యూబ్ ముక్కలు పరచుకుని ఫుట్‌పాత్ మీద కూర్చుంటారు. వాళ్లు లేకపోతే 120 కిలోమీటర్ల ఇత్వార్ పది నిమిషాల్లో కుంటుపడుతుంది.

ఈ మిస్త్రీల ఫొటోలు చూసినప్పుడు నా దిల్ ఆగింది. మన తెలుగు ఊళ్లలో సైకిల్ షాపు అంటే చాలా చోట్ల సాయిబు షాపే. గంటకింత అని కిరాయి సైకిల్ ఇచ్చి, నోటుబుక్కులో టైము రాసుకుని, ఊళ్లో సగం పిల్లలకు సైకిల్ నేర్పిన షాపులవి. మా మామూజాన్ నీళ్ల తొట్టిలో ట్యూబ్ ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో చూసే తీరు, హకీం నబ్జ్ పట్టినట్టుండేది. ఈ రోజుల్లో ఆ హునర్‌నే గాలీగా మార్చారు. పంక్చర్‌వాలా అంటే మనల్ని తిట్టినట్టు. ఫోన్లలో జోకులు, ఎన్నికలప్పుడు మాటలు. చదువుకున్న మన పిల్లలు కూడా ఆ మాట వింటే తల దించుకుంటున్నారు, మా దాదా ఆ పని చేసేవాడని చెప్పడం మానేస్తున్నారు. ఎందుకు దించుకోవాలి? కష్టపడి, ఎవరి హక్ తినకుండా, ఊరందర్నీ ముందుకు నడిపిన పని అది. బొగోటాలో ఇత్వార్ పొద్దున డాక్టర్ సాహెబ్ ఆ మిస్త్రీ ముందు తన బండి పట్టుకుని లైన్లో నిలబడతాడు.

మన దగ్గర ఇలాంటిది జరగలేదా? జరిగింది. బొగోటా చూసి 2013 నవంబర్‌లో గురుగ్రామ్‌లో రాహ్‌గీరీ మొదలైంది. పేరు చూడండి, రాహ్‌గీర్ నుంచి వచ్చింది, మన జుబానే. 2015లో హైదరాబాద్‌కీ వచ్చింది, రాయదుర్గం వైపు ఐటీ ఇలాఖాలో. 2021 ఆగస్టు చివర్లో ట్యాంక్‌బండ్ మీద ఇత్వార్ సాయంత్రాలు బండ్లు ఆపి జనాన్ని నడవనిచ్చారు. అక్టోబర్ 17న అదే తమాషా చార్మినార్ దగ్గరికొచ్చింది, ‘ఏక్ శామ్ చార్మినార్ కే నామ్’. ఆ సాయంత్రం చార్మినార్ చుట్టూ హారన్ లేదు. బుర్ఖాల్లో అమ్మీలు, చేతిలో బుడగలతో పిల్లలు, నడిరోడ్డు మీద నింపాదిగా. అఫ్సోస్, ఏదీ నికరంగా నిలబడలేదు. 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్ పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు, పైన సోలార్ పలకల నీడతో. అందంగా ఉంది, మాషా అల్లాహ్. కానీ యాకుత్‌పురా పిల్లవాడు అక్కడికి సైకిల్ మీద పోలేడు. సైకిల్‌ని కారులో వేసుకుని పోగలిగినవాడికే ఆ దారి.

తేడా ఎక్కడుందంటే నేను ఆ 566, 567 నంబర్లే చూపిస్తాను. మన దగ్గర ఇత్వార్ ఒక అఫ్సర్ ఖుషీ మీద వస్తుంది, ట్రాన్స్‌ఫర్‌తో పోతుంది. అక్కడ 2007లో సైక్లోవియాను మధ్యాహ్నం 12కే ముగించాలని పార్లమెంటులో బిల్లు తెచ్చారు.  అవామ్ ఊరుకోలేదు, బిల్లు పోయింది. ఆడపిల్ల మొహల్లా గలీ దాటి సైకిల్ తొక్కితే ఏమంటారో అని ఆలోచించే ఇళ్లు మనవి. ఒక్కర్తే పోతే పదిమంది చూస్తారు. పది వేలమంది పోతే చూసేవాడెవడు, అందరూ తొక్కేవాళ్లే. దానికి మాత్రం ఒక్క వారం చాలదు, వారం వారం కావాలి.

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు బస్సుల్లో రద్దీ తగ్గించాలని బొగోటా మేయర్ క్లౌదియా లోపెజ్ ఏం చేసిందంటే, సైక్లోవియా కోన్‌లనే తీసి పనిదినాల్లో పెద్ద సడక్‌ల మీద వరసగా పెట్టించింది. రోజుల్లోనే దాదాపు 80 కిలోమీటర్ల సైకిల్ దారి తయారు. ఎవరికీ నేర్పాల్సిన అవసరం రాలేదు. కోన్ కనిపిస్తే అటు కారు పోకూడదని 45 ఏళ్లుగా ఆ శహర్‌కు తెలుసు.

మామూలు ఇత్వార్ నాడు మధ్యాహ్నం 2 కొట్టగానే ముహాఫిజ్‌లు అవే కోన్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చి బండికెత్తుతారు. మిస్త్రీ తొట్టిలో నీళ్లు పారబోస్తాడు. అయిదు నిమిషాల్లో కార్రెరా సెప్తిమా మళ్లీ హారన్ల పాలు. రాక్ అల్ పార్కే ఉన్న ఇత్వార్ అయితే, నల్ల చొక్కాల పిల్లలు బెల్టులు ఊడదీసి చేతిలో పట్టుకుని పార్కు గేటు దగ్గర బారులు తీరి ఉంటారు. ఒకడు తల పైకెత్తి అబ్బు వైపు చూస్తాడు. వాన వచ్చేటట్టే ఉంది. ఎవరూ లైన్ వదిలి పోరు.